పియానో కాగితానికి మైదా అతుకులు

యానాం నుంచి గోనెపట్టాలు కప్పిన వ్యాను ఒకటి మండపేటలో మా ఇంటి ముందు ఆగితే వీధివీధంతా ముసిముసిగా నవ్వుకుంది. యానాం సరుకంటే మావైపు ఎవరికైనా చవక మందే గుర్తొస్తుంది. పట్టాలు తీశాక నల్లటి పియానో బయటపడేసరికి చూడవచ్చినవాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోయారు. అక్కడ ఓ పాత మేడ పడగొడుతూ దాన్ని కట్టెల కింద అమ్మేస్తున్నారని తెలిసి తెచ్చుకున్నాను. తొంభైల చివరి సంగతి. అప్పటికి నాది రైస్ మిల్లులకు బెల్టులు, బేరింగులు అమ్మే కొట్టు. సంగీతం బొత్తిగా రాదు కానీ, పాడైన యంత్రం కనబడితే చేతులు ఊరుకోవు.

అది మామూలు పియానో కాదు, తనంతట తనే వాయించుకునేది. కింద పెడళ్ళు తొక్కుతుంటే తిత్తులు గాలి పీలుస్తాయి, పైన చిల్లులున్న కాగితం రోల్ ఓ ఇత్తడి పట్టీ మీదుగా జరుగుతుంది. చిల్లు వచ్చిన చోట గాలి లోపలికి దూరి, దాని తాలూకు మెట్టు కిందికి దిగుతుంది. ఆ చిల్లులే పాట అన్నమాట. నాకు దొరికింది ఒకే ఒక్క రోల్. పేరు చెరిగిపోయింది, ఏ పాటో తెలియదు. అలాంటిది ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్ళూ లేరు.

బాగుచెయ్యడానికి రెండేళ్ళు పట్టింది. లోపలి రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే పొడైపోయేవి. వాటి బదులు రొయ్యపిల్లల హేచరీల్లో గాలికి వాడే సన్నగొట్టాలు తెచ్చి వేశాను. రాజమండ్రిలో హార్మోనియాలు బాగుచేసే ఒకాయన తిత్తులకు కొత్త గుడ్డ వేసి, తీగలు శ్రుతి చేసి వెళ్ళారు.

మా మామగారు పక్క వీధిలోనే ఉండేవారు. రోజూ నాలుగింటికి వచ్చి, కూతురిచ్చిన కాఫీ తాగి, నా పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. అడిగిన పనిముట్టు అందించేవారు. గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. పురుగు కొట్టిన పుస్తకాలు అతికించడంలో ఆయన చెయ్యి తిరిగినవారు. మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే ఇక పురుగు దగ్గరకు రాదనేవారు.

ఓసారి సరుకు కోసం పది రోజులు కోయంబత్తూరు వెళ్ళాల్సి వచ్చింది. రోల్ అంచులు పురుగు తింటున్నాయి. "మావయ్యగారూ, దీన్ని పురుగులు కొట్టేస్తున్నాయండి, కాస్త చూస్తూ ఉండండి" అని ఆయన చేతికిచ్చి బండెక్కాను.

తిరిగొచ్చేసరికి మామగారు గుమ్మంలోనే ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. "మొత్తం అతికించేశానండి అల్లుడు గారూ. కళ్ళు లాగేశాయి గానీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చిల్లు లేదు."

రోల్ విప్పాను. నిజంగానే ఒక్క చిల్లు లేదు.

"అది పాటండీ! పాటంతా మూసేశారు! మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?" అని అరిచాను. నా కోపం ఊళ్ళో అందరికీ తెలిసిందే, ఆయన మీద చూపించడం మాత్రం అదే మొదలు. మామగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నాకు తెలియలేదండి" అని, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. మర్నాడు నాలుగింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు మా ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది. "ఆ పెట్టె పాడకపోతే కొంపలేం మునిగిపోవు. రెండేళ్ళు మీ పక్కనే కూర్చున్నారు కదండీ మా నాన్న, అదెలా పనిచేస్తుందో ఒక్కసారైనా చెప్పారా ఆయనకి?"

చెప్పలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెవులు చిల్లులు పడేలా చెప్పాను. ఆయనతో మాత్రం "ఆ పట్టకారు ఇలా ఇవ్వండి" తప్ప వేరే మాటన్నది లేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రోల్ పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. తప్పు నాదేనన్నాను. గాలి సంగతి, చిల్లుల సంగతి మొదటినుంచీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "తడిగుడ్డ వేస్తే మైదా వదిలేస్తుందండి, కంగారు పడకండి" అని నన్నే ఓదార్చారు.

నెలకు పైగా కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్క అతుకే ఊడదీశాం. యంత్రం కొట్టిన చిల్లుకు అంచు నున్నగా ఉంటుంది, పురుగు కొట్టినదానికి గరుగ్గా ఉంటుంది. "ఇది పురుగంటారా, పాటంటారా?" అని ఆయన అడిగేవారు. కొన్నిటికి ఇద్దరికీ జవాబు తెలిసేది కాదు. కాగితం నిండా మైలుతుత్తం నీలిమచ్చలు మిగిలాయి.

ఓ ఆదివారం పొద్దున్న రోల్ ఎక్కించి పెడళ్ళు తొక్కాను. మెట్లు వాటంతటవే దిగుతూ లేస్తూ హుషారైన పాటేదో మొదలైంది. మా ఆవిడ గరిటతోనే పరుగెత్తుకొచ్చింది. సగంలో ఎక్కడో ఓ మంద్రపు మెట్టు, పాటతో సంబంధం లేకుండా, ధామ్మని మోగింది.

పాట ఆగాక మామగారు పీట ముందుకు జరుపుకున్నారు. "మధ్యలో మోగింది పురుగుదండి. మూసెయ్యాలి" అన్నారు. కాస్త ఆగి, "ఈసారి మిమ్మల్ని అడిగే మూస్తానండి" అన్నారు.

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది. "నన్నడగక్కర్లేదండి, మావయ్యగారూ" అని లేచి, వంటింట్లోకి వెళ్ళి మైదా నేనే ఉడకబెట్టాను.