దయ్యాల గుమ్మంలో మా వెంకన్న

నాకు వాస్తు పిచ్చి ఉంది. ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ గొడవ ఉండదు. ఈ దేశమొచ్చాక బర్నబీలో ఇల్లు కొనేటప్పుడు పదిహేడు ఇళ్ళు చూసి పదిహేడింటికీ వంకలు పెట్టాను. పద్దెనిమిదో ఇంట్లో ఈశాన్యం మూల ఖాళీగా, వెలుతురుగా కనిపించగానే గుమ్మంలోనే "ఇదే" అనేశాను. వంటగది ఇరుకని, కారు పెట్టుకునే చోట పైకప్పు కారుతోందని మావారు నసిగారు. ఎవరు వింటారు? ఆ మూలలో ఫిజీ నుంచి వచ్చిన తెలుగు వడ్రంగి ఒకాయన దేవదారు చెక్కతో చిన్న మందిరం చేసి గోడకు బిగించాడు. అందులో వెంకన్న పటం పెట్టి తొమ్మిదేళ్ళు రోజూ దీపం వెలిగించాను.

అలాంటి ఇల్లు అమ్మాల్సి వచ్చింది. మావారికి విమానంలో ఐదు గంటల దూరానున్న గ్వెల్ఫ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. నాది ఎక్కడ కూర్చున్నా చేసుకోగల పని. కానీ ఇది అమ్ముడుపోతే తప్ప అక్కడ ఇంకో ఇల్లు తీసుకోలేం. ఆయన అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నారు, ఇది అమ్మేదాకా నేను ఇక్కడే ఉండిపోయాను. గుమ్మం ఎటు వైపుందని అడిగితే "గోడకే ఉంది" అని మాట దాటేశారు. అలా ఏడు నెలలు గడిచాయి. ఒకసారి నాలుగు రోజులు జ్వరంతో పడి ఉండి, తగ్గాక చెప్పారు. ఫోన్లో చెడామడా తిట్టాను. పెట్టేశాక కూర్చుని ఏడ్చాను.

ఇల్లు అమ్మిపెట్టే మా రియల్టర్ కరీంనగర్ కుర్రాడు. "అక్కా, దేవుణ్ణి తీసి లోపల పెట్టున్రి. బయ్యర్స్‌కి ఇల్లు న్యూట్రల్‌గా కనపడాలె" అన్నాడు. తీసే ప్రసక్తే లేదన్నాను. చివరికి మందిరానికి అడ్డంగా ఒక తెర కట్టడానికి రాజీపడ్డాం.

ఏప్రిల్‌లో ఒక జపాన్ జంట వచ్చింది. రెండోసారి చూడటానికి వస్తూ, తమ దగ్గర ఉండబోయే పెద్దావిడను, ఆ అమ్మాయి తల్లిని, వెంటబెట్టుకొచ్చారు. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పెద్దావిడ చెప్పులు విడిచి, వాటి ముక్కులు గుమ్మం వైపు తిప్పి పెట్టి, "ఒజామ షిమాస్" అని తల వంచింది. అర్థమేమిటని కూతుర్ని అడిగాను. "మీకు అడ్డం వస్తున్నాను అని. ఎవరింట్లో అడుగుపెట్టినా అలాగే అంటాం" అంది. మా చుట్టాల్లో కొందరికి నేర్పాల్సిన మాట.

పెద్దావిడకు ఇల్లు నచ్చింది. కిటికీలు తీసి చూసింది, మెట్లు లెక్కపెట్టుకుంది, వంటగది ఇరుకుగా ఉంటేనే చేతికి అన్నీ అందుతాయంది. బేరం కుదిరినట్టే. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఉంటానా? ఫోన్లో దిక్సూచి తెరిచి వాళ్ళను ఆ మూలకు తీసుకెళ్ళి, "ఇది పక్కా ఈశాన్యం. ఇంటి ప్రాణమంతా ఇక్కడే. మంచి అంతా ఇటునుంచే లోపలికొస్తుంది" అని ఊదరగొట్టాను.

కూతురు తర్జుమా చేసింది. పెద్దావిడ ముఖం మాడిపోయింది. దిక్సూచి వైపు చూసి ఒకే ఒక్క మాట అంది. "కిమోన్."

సాయంత్రం రియల్టర్ ఫోన్ చేశాడు. "ఏం చెప్పినవక్కా వాళ్ళకు? వద్దంటున్నరు. ఆ మూల ముచ్చట ఎందుకు తీసినవ్?"

అప్పుడు వెతికి చదివాను. కిమోన్ అంటే దయ్యాల గుమ్మం. అదెక్కడో కాదు, ఈశాన్యం! అటు వాకిలి ఉండకూడదట, అటునుంచి ఓనీలు వస్తాయట. ఓనీ అంటే రాక్షసుడు. పాతకాలపు జపాన్ లెక్కలో ఆ దిక్కు పేరు ఎద్దు-పులి కాబట్టి వాడికి ఎద్దు కొమ్ములు, పులితోలు గోచీ. నాకు ఒళ్ళు మండింది. ఈశ్వరుడి మూలకు రాక్షసులను తెచ్చి పెడతారా!

మావారికి చెబితే పడీ పడీ నవ్వారు. "కొంప ముంచావు కదే! పెయింట్ గురించి చెప్పకూడదూ?"

"మీకు నవ్వులాటగా ఉంది. ఇంకెన్నాళ్ళు ఇలా?" అన్నాను. ఆయన నవ్వు ఆపేశారు.

రెండు రోజులు అలిగి, మూడో రోజు మళ్ళీ చదివాను. కిమోన్ ఉన్నంత మాత్రాన పారిపోనక్కర్లేదట. ఊరికి ఈశాన్యాన గుడి కట్టి కాపలా పెట్టేవారట. ఇంటికైతే ఎర్ర పళ్ళ నాన్‌తెన్ మొక్క నాటుతారట, అది కష్టాన్ని మళ్ళిస్తుందని. కుర్చీలోంచి లేచాను. మా ఈశాన్యంలో గుడి తొమ్మిదేళ్ళుగా ఉండనే ఉంది కదా! పనికిమాలిన తెర కట్టి నేనే దాచేశాను.

నర్సరీకి వెళ్ళి నాన్‌తెన్ కుండీ తెచ్చి ఆ మూల కిటికీ కింద పెట్టాను. రియల్టర్‌ను బతిమాలి వాళ్ళను ఇంకొక్కసారి రప్పించాను. పెద్దావిడ మొక్కను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తెర లాగేశాను. "తొమ్మిదేళ్ళుగా ఇక్కడ కాపలా ఈయనే" అన్నాను.

ఆవిడ చాలాసేపు పటం వైపు చూసింది. తర్వాత అడిగిన ప్రశ్నను కూతురు చెప్పింది. "ఈ ఇంట్లో మీరు సంతోషంగా ఉన్నారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పోట్లాడుకున్నాం. ఒకసారి ఆయన ఉద్యోగం పోయింది. అయినా ఈ ఇంటికి రాబుద్ధి కాని రోజు మాత్రం లేదు" అన్నాను. ఆవిడ తలూపింది. ఇంకోటి అడిగింది.

"మీరు వెళ్ళేటప్పుడు ఈయన కూడా వెళ్ళిపోతాడా?"

గతుక్కుమన్నాను. అవును మరి, కాపలావాణ్ణి నేను పట్టుకుపోతే గుమ్మం తెరిచి పోయినట్టే. ఆవిడ అడిగింది న్యాయమే. కానీ ఆ పటం నాది. తొమ్మిదేళ్ళు ఆయనకు చెప్పుకున్నవి మావారికి కూడా చెప్పలేదు.

అక్కడే మావారికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, సంగతి చెప్పాను. "ఆయన్ని వదిలి ఎలా రమ్మంటారు?"

"ఇక్కడి గదిలో ఆయనకు చోటు లేదు. పైగా గుమ్మం నైరుతి. తిడతావని చెప్పలేదు."

నైరుతి వాకిలి! నేను "అయ్యో" అన్నాను. కూతురు తర్జుమా చేయగానే పెద్దావిడ కూడా నాలాగే గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఉరా కిమోన్" అంది. దయ్యాలకు దొడ్డి గుమ్మమట. ఆ ఒక్క దిక్కు దగ్గర మా ఇద్దరి శాస్త్రాలూ కలిశాయి. ఏడు నెలలుగా ఆ మనిషి అందులోంచే వెళ్తున్నారు, వస్తున్నారు.

"ఆయనకైతే చోటు లేదు గానీ, నీకైతే కాస్త జరుగుతాను. వచ్చేయ్" అన్నారు మావారు.

ఫోన్ స్పీకర్లో ఉందని ఆయనకు చెప్పనే లేదు. రియల్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. "ఉంచుకోండి" అన్నాను పెద్దావిడతో.

ఆవిడ మందిరం ముందుకు వచ్చి, వాళ్ళ గుళ్ళలో దండం పెట్టే పద్ధతిలో రెండుసార్లు చప్పట్లు కొట్టి, కళ్ళు మూసుకుని "యొరొషికు ఒనెగాయిషిమాస్" అంది. కూతురు తడబడింది. "దీన్ని ఇంగ్లీషులో చెప్పలేను. దయచేసి చూసుకోండి అనా... మిమ్మల్నే నమ్ముకున్నాను అనా..."

నాకు చెప్పక్కర్లేదు. నేను ఆ మూలలో రోజూ అనుకున్నది అదే. భారం నీదే స్వామీ.

జూన్‌లో తాళాలు ఇచ్చేశాను. చివరి దీపం ఆవిడ చేతే పెట్టించాను, వత్తి ఎలా వేయాలో చూపించి. గ్వెల్ఫ్‌లో దిగి, సూట్‌కేసు లాక్కుంటూ ఆ గది ముందుకు వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పక్కా నైరుతి. నా వీపు వెనకనుంచి సూర్యుడు నేరుగా తలుపు మీద కొడుతున్నాడు, దిక్సూచి అక్కర్లేదు. మావారు తలుపు తీసి, నేనేమంటానో అని బెదురుగా చూశారు. చిక్కిపోయి ఉన్నారు.

"జరగండి" అని ఆ గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాను.