పాత సర్వర్ మీద చెయ్యి

పటాన్‌చెరులో నేను పనిచేసిన మందుల కంపెనీలో ఐటీ సార్‌కు ఒక అలవాటు ఉండేది. పొద్దున రాగానే పాత సర్వర్ మీద, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించేవారు. మా మెయిళ్లు, ఫైళ్లు, ఆ ఫైళ్ల కింద షిఫ్టువాళ్లు రాసుకున్న మాటలు అన్నీ దాంట్లోని సాఫ్ట్‌వేర్‌లోనే ఉండేవి. దాన్ని తయారుచేసినవాళ్లు మాత్రం పాడైతే ఇక బాగుచెయ్యబోమని చెప్పేశారు.

సంగారెడ్డి లైబ్రరీలోని కంప్యూటర్ పుస్తకాలన్నీ చదివి నేర్చుకున్నదాన్ని కాబట్టి, దాని బదులు తేబోయే, ఎక్కడో వేరే కంపెనీ కంప్యూటర్లలో ఇంటర్నెట్ ద్వారా నడిచే కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని నాకిచ్చారు.

"సార్, కొత్తదాంట్లకు ఫైళ్లు వచ్చినయ్. కింద రాసిన మాటలు రాలే," అన్నాను.

ఆయన చెయ్యి సర్వర్ మీదే ఆగిపోయింది. ఏ బ్యాచ్ మందును ఎందుకు ఆపామో ఆ మాటల్లోనే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించలేకపోతే ప్లాంటు మూతపడుతుంది. పాతది ఆగిపోయినా అంతే.

"ఏంది సార్, జ్వరం తగ్గిందా? మారుదమా, వద్దా?" మీటింగులో ఓనరు నవ్వుతూ అడిగారు.

సార్ నవ్వలేదు. "మారుదామండీ. కానీ ఆ మాటలన్నీ వచ్చేదాకా పాతదాన్ని ఆపొద్దు. అది ఆగేలోపే తెచ్చుకోవాలి."

ఆ మాటలను విడిగా తీసి, ఏ ఫైలువి ఆ ఫైలు కింద మళ్లీ చేర్చాం. అన్నాళ్లూ ఆయన టీ మధ్యలో వదిలేసి వచ్చి మరీ సర్వర్‌ను తాకి వెళ్లేవారు. అన్నీ వచ్చాక పాతదాన్ని ఆపేశాం.

మర్నాడు అలవాటుగా చెయ్యి పెట్టి, చల్లగా తగలగానే ఉలిక్కిపడ్డారు.

"ఇగ పరేషాన్ ఎందుకు సార్? కొత్తది మంచిగనే నడుస్తుంది," అన్నాను.

"అది ఏ ఊళ్లో నడుస్తుందో ఏమోనమ్మా," అన్నారు అరచెయ్యి చూసుకుంటూ. "దానికి ఒంట్లో బాగోకపోతే నాకెలా తెలుస్తుంది?"