దవడ కదపకూడని అయిదు నిమిషాలు

చెవులకు అచ్చులు తీసే ఆమెను ఆ వీధిలో అందరూ చెవులమ్మ అంటారు. వినికిడి తగ్గినవాళ్ళకు డాక్టరు మిషను రాసిస్తాడు సరే, అది చెవిలో కుదురుగా కూర్చోవాలంటే ఆ చెవి కొలతకే ఒక తొడుగు చేయాలి. ఏ ఇద్దరి చెవులూ ఒకలా ఉండవు. ఒకే మనిషి కుడి చెవీ ఎడమ చెవీ కూడా ఒకలా ఉండవు. అందుకని చెవిలోకి దారం కట్టిన దూది ఉండ తోసి, గులాబీరంగు పేస్టు కలిపి, సూది లేని లావుపాటి సిరంజితో నింపుతుంది. అయిదు నిమిషాల్లో అది గట్టిపడుతుంది. ఆ అయిదు నిమిషాలూ దవడ కదపకూడదు. మాట్లాడకూడదు, నవ్వకూడదు. దవడ కదిలిందంటే అచ్చు మీద ముడత పడుతుంది, ఆ తొడుగు పెట్టుకున్నవాళ్ళ చెవిలో మిషను రోజంతా ఈల వేస్తుంది.

ఈ పనిలో ఆమెకు ఇరవై ఏళ్ళు. చేయి తిరిగిన మనిషి. మనిషి గుమ్మంలో నిలబడగానే ఆ చెవికి ఎంత పేస్టు పడుతుందో కంటితోనే చెప్పేస్తుంది. కానీ నోటితో చెప్పడమే కష్టం, ఎందుకంటే ఆమెకు నత్తి. "క" దగ్గరా "ర" దగ్గరా నాలుక మొరాయిస్తుంది. ఈ పని వదలకుండా పట్టుకోవడానికి అసలు కారణం అదే. వినపడనివాళ్ళు నత్తిని చూసి నవ్వరు. మాట ఎంతసేపు ఆగినా పెదాల వంకే చూస్తూ, అది బయటికి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటారు. చెవులు బాగా పనిచేసేవాళ్ళలో అంత మర్యాద ఆమె ఎక్కడా చూడలేదు.

అందరికంటే తక్కువ చూసింది సొంత నాన్న దగ్గర.

నాన్న తాగుబోతు కాదు. ఆ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే ఆయన తరఫున పదిమంది ఒంటికాలి మీద లేస్తారు. బస్సు డిపోలో టైమ్ కీపరుగా పనిచేశాడు, తాగి ఒక్కరోజు కూడా డ్యూటీ ఎగ్గొట్టలేదు. ఇంట్లో ఎవరి మీదా చేయి చేసుకోలేదు, వీధిలో ఎక్కడా తూలలేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ముందు గదిలో నలుగురు స్నేహితులు, వాళ్ళ భార్యలు, పిల్లలు, బల్ల మీద రెండు సీసాలు. అమ్మ చేతిలో కూడా సగం గ్లాసు ఉండేది. పిల్లల ముందు పెద్దవాళ్ళు ఇలా తాగొచ్చా అని ఎప్పుడైనా మాట వస్తే, "దాచుకుని తాగితే తప్పు గానీ, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని సరదాగా తాగితే తప్పేంటి?" అనేవాడు నాన్న. పెద్దవాళ్ళందరూ తలలూపేవాళ్ళు. పిల్లల్ని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అడిగితే చెప్పేవాళ్ళు. మొదటి గ్లాసు దాకా నాన్న నాన్నే. రెండో గ్లాసుకు గొంతు పెద్దదయ్యేది. మూడోది సగానికి వచ్చేసరికి, అందర్నీ నవ్వించడానికి ఏం దొరుకుతుందా అని ఆయన కళ్ళు గదంతా వెతికేవి. అవి తన మీద వాలకముందే, అప్పటికి ఏడేళ్ళ పిల్ల అయిన ఆమె తలుపు చాటుకు జరిగేది.

"ఇలా రా అమ్మా. స్టూలెక్కు. మామయ్యలకి వినిపించు. కర్ర కుర్చీ కిర్రుమంది. చెప్పు చెప్పు."

ఆ వాక్యం ఆయన సొంత తయారీ. కూతురి నాలుక ఎక్కడెక్కడ ఆగుతుందో కనిపెట్టి మరీ కూర్చాడు. ఆమె మొదలుపెట్టగానే గదిలో ఉన్నవాళ్ళంతా కలిసి ఆమె ఆగిన సార్లు లెక్కపెట్టేవాళ్ళు, ఒకటీ రెండూ మూడూ అని. నాన్న పక్కన నిలబడి ఆమెలాగే పెదాలు కొట్టుకుంటూ, కళ్ళు ఆర్పుతూ చేసి చూపించేవాడు. "తప్పుకోండి తప్పుకోండి, గతుకుల బండొస్తోంది!" అని కేక వేసేవాడు. "పాపం, పోనివ్వండీ" అంటూనే అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. చివర్లో చప్పట్లు, బుగ్గ మీద నాన్న ముద్దు, ఆ ముద్దు నిండా ఆ వాసన. సోమవారం పొద్దున్న ఆయనకు అదేదీ గుర్తుండేది కాదు. పదమూడేళ్ళకు ఆమె స్టూలెక్కనని లోపల గడియ పెట్టుకునేదాకా ఆరేళ్ళు అదే తంతు నడిచింది.

ఆ తర్వాత అందరి జీవితాల్లాగే ఆమెదీ నడిచింది. పెళ్ళయింది, ఉద్యోగం కుదురుకుంది, అమ్మ పోయింది. కాస్త ఆలస్యంగా ఒక కొడుకు పుట్టాడు. ముసలాయన మీద ఇంకా కక్షేంటి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు పైపైదే. లోపల పగ ఎక్కడికీ పోలేదు, అవకాశం కోసం కూర్చుని ఉంది.

కొడుక్కి ఇప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో బుడ్డోడంటారు. ఈమధ్య వాడికి కూడా "ర" దగ్గర మాట ఆగుతోంది. పోయిన ఆదివారం ఆమెకు ఆస్పత్రి క్యాంపు పడితే, మొగుడు వాణ్ణి తాతయ్య ఇంటికి తీసుకెళ్ళాడు. సాయంత్రం తిరిగి రాగానే బుడ్డోడు చెప్పులైనా విప్పకుండా మంచం కిందికి దూరాడు. ఎంత బతిమాలినా బయటికి రాలేదు.

"ఏం చేశారు వీణ్ణి?" అని అడిగింది.

"ఏమీ లేదు. మీ నాన్న సరదాగా ఏదో చెప్పమన్నాడు, చెప్పాడు. అందరం నవ్వాం." మొగుడి నోట్లోంచి కూడా అదే వాసన వచ్చింది.

"ఏం చెప్పమన్నాడు?"

"ఏదో కుర్చీ... కిర్రుమనడం... దానికేముంది ఇప్పుడు?"

చెవులమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "నీ పని తర్వాత చెప్తాను" అని మొగుణ్ణి వదిలేసి, తనూ మంచం కింద కొడుకు పక్కన పడుకుంది. వాడు ఏడవలేదు. మాట్లాడనూ లేదు. సోమవారం మాట్లాడలేదు, మంగళవారం మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు వేలు చూపించాడు. బళ్ళో హాజరు పిలిస్తే పలకకుండా చేయి ఎత్తాడని టీచరు ఫోను చేసింది. ఇలాగే నోరు కట్టేసుకుని పెద్దవాడవుతాడేమోనని ఆమెకు భయం పట్టుకుంది. ఆ భయం కిందే పాత పగ కూడా రాజుకుంది.

శుక్రవారం పొద్దున్న నాన్న తనంతట తానే డాక్టరు చీటీ పట్టుకుని వచ్చాడు.

"ఆదివారాలు వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో సరిగ్గా వినపడట్లేదమ్మా. అందరూ నవ్వాక నేను నవ్వుతున్నాను. దానికి మళ్ళీ నవ్వుతున్నారు వెధవలు, నన్ను చూసి."

ఆ మాట విని చెవులమ్మకు కడుపులో చల్లగా అనిపించింది. అందుకు ఆమె సిగ్గుపడలేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి చీటీ చదివింది. కుడి చెవి బాగా తగ్గింది, ఎడమ చెవి కాస్త నయం. మామూలుగా ఎవరికైనా రెండు చెవులకూ ఒకేసారి పేస్టు పెట్టేస్తుంది. ఆ రోజు కుడి చెవికి మాత్రమే పెట్టింది. తలుపు వేసి, స్టూలు లాక్కుని, వినపడే చెవి పక్కన కూర్చుంది.

"అయిదు నిమిషాలు దవడ క... కదపకు నాన్నా. నేను చెప్తాను, నువ్వు విను."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన ఎవరి మాటా చివరిదాకా వినలేదు. కూతురి మాటైతే సగంలోనే అందుకుని, ఆమె బదులు తనే పూర్తి చేసేవాడు. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆమె అయిదు రోజులుగా అద్దం ముందు సిద్ధం చేసుకున్న మాట మొదలుపెట్టింది.

"బుడ్డోణ్ణి స్టూలెక్కించావు. వాడితో క... క... క..."

నాలుక అక్కడే ఆగిపోయింది. అప్పుడు చూసింది ఆయన మొహం. ఆమె పెదాలతో పాటే ఆయన పెదాలు కూడా క, క అని ఆడుతున్నాయి. కళ్ళ చివర్లలో పాత నవ్వు వచ్చి కూర్చుంది. తను ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు, అలవాటు అంతగా ముదిరిపోయింది. ఆమె మాట ఆపేసి, గడియారం చూసుకుంటూ కూర్చుని, అయిదు నిమిషాలయ్యాక అచ్చు బయటికి లాగింది.

"ఇదిగో, చూడు. ముడత."

"ఎందుకొచ్చింది?"

"నన్ను వెక్కి... వెక్కిరించావు."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. నీకు తెలీదు. నీకెప్పుడూ తెలీదు. మళ్ళీ తీయాలి."

మళ్ళీ పేస్టు కలిపి అదే చెవిలో నింపింది. ఈసారి తొందరపడలేదు. ఆగిన చోటల్లా ఆగింది. ఆరేళ్ళ ఆదివారాలన్నీ వరసగా చెప్పింది. తలుపు చాటునుంచి ఆయన గ్లాసులు ఎలా లెక్కపెట్టుకునేదో చెప్పింది. ఒకసారి తను సీసాలో సగం నీళ్ళు కలిపేసి దొరికిపోతే, అది కూడా నెల రోజులపాటు జోకు అయిందని చెప్పింది. బళ్ళో పాఠం చదవాల్సి వచ్చిన రోజున కావాలని పుస్తకం ఇంట్లో వదిలేసి, బెంచీ మీద నిలబడటమే నయమనుకున్నానంది. నువ్వు ముద్దు పెట్టిన బుగ్గని సబ్బుతో రుద్దుకునేదాన్ని అంది.

"నువ్వు కొ... కొట్టి ఉంటే బాగుండేది నాన్నా. కొట్టావని ఎవరికైనా చెప్పుకునేదాన్ని. నవ్వావని ఎవరికి చెప్పుకోను? బుడ్డోడు అయిదు రోజులుగా నోరు తెరవలేదు. ఒక్క మాట లేదు. వాడి నోరు నువ్వు మూయించావు."

ఆయన చేతులు కుర్చీ పిడుల్ని గట్టిగా పట్టుకున్నాయి. కంట్లోంచి నీళ్ళు కారి ముక్కు పక్కగా దిగాయి. తుడుచుకోబోతే ఆమె ఆ చేయి పట్టుకుని ఆపింది.

"కదలకు."

ఇంత దయలేనిదాన్నా నేను అనుకుంది మనసులో. అవును అని సమాధానం వచ్చింది, ఆ సమాధానం ఆమెకు బాగుంది.

రెండో అచ్చు నిగనిగలాడుతూ వచ్చింది. ఎక్కడా వంక లేదు. ఆమె దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది.

"అది బాగానే వచ్చింది కదమ్మా" అన్నాడు ఆయన. "ముడత లేదు."

"లేదు."

"మరి పారేశావేం?"

"నేను చెప్పడం ఇంకా అవలేదు."

ఆయన తనే తల తిప్పి కుడి చెవి ఇచ్చాడు. మూడోసారి పేస్టు నింపింది. ఈసారి ఆమె ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఎదురుగా కూర్చుని ఆయన్నే చూసింది. ఇప్పుడేం అంటుందో, ఇంకా ఏం బయటపెడుతుందో అని ఆయన బిక్కుబిక్కుమంటూ ఆమె నోటి వంక చూస్తూ కూర్చున్నాడు. స్టూలు మీద నిలబడ్డ పిల్లకు ఒక నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆ అయిదు నిమిషాల్లో ఆయనకు బాగా తెలిసొచ్చి ఉంటుంది. తెలియాలనే ఆమె కోరుకుంది.

తర్వాత ఎడమ చెవి అచ్చు మామూలుగా తీసింది. రెండింటినీ డబ్బాలో పెట్టి మూత మీద తేదీ రాసింది. పనిలో పని, చెవులు శుభ్రంగా తుడిచింది కూడా. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

"సీసాలు తీయనమ్మా ఇంక. వాళ్ళకి రావద్దని చెప్పేస్తాను. వాడికి నేను క్షమాపణ చెప్పుకుంటాను. ఆదివారం బుడ్డోడు వస్తాడా?"

ఆమె నోరు తెరిచింది. "రా..." అంది. నాలుక అంటుకుపోయింది. "రా... రా..."

ఇదివరకైతే ఆయన ఎప్పుడో అందుకునేవాడు. ఇప్పుడు అందుకోలేదు. పెదవి కదపలేదు, నవ్వలేదు, కనురెప్ప కూడా ఆర్పలేదు. ఆమె పెదాల వంకే చూస్తూ, ఆ మాట పూర్తిగా బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు. ఆమె కూడా తొందరపడలేదు. ఊపిరి పీల్చుకుని, కావలసినంతసేపు తీసుకుంది.

"రాడు" అంది.