బోరు పాయింటు చూపించిన లావు తీగ

నాకు దెయ్యాల మీద గానీ మహిమల మీద గానీ నమ్మకం లేదు. మా అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, పొయ్యిలో వేసి, "చూశావా, ఘాటే రాలేదు, ఎంత దిష్టి తగిలిందో" అంటే, కిటికీ తీసి ఉంది కదమ్మా అని వాదించి తిట్లు తిన్నవాణ్ణి. ఇలాంటి అనుభవాలు ఎవరైనా రాస్తే, వీడు ఆ పూట ఏదో పుచ్చుకుని ఉంటాడులే అనుకునేవాణ్ణి. మీరు నా గురించి అలా అనుకున్నా నాకు కోపం రాదు. ఆ పూట నేను పుచ్చుకుంది మా పిన్ని ఇచ్చిన మజ్జిగ.

గుంటూరులో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాను. షాపు మూశాక గిటార్ వాయిస్తాను. మాది హెవీ మెటల్ బ్యాండ్. నలుగురు మగపిల్లలు ఒక గదిలో చేరి ఎందుకలా బాధపడతారో మా ఇంట్లో వాళ్ళకి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ సంగీతంలో గిటార్‌ని బాగా కిందికి శ్రుతి చేస్తారు. అన్నింటికంటే లావుగా ఉండే పై తీగని వదులు చేసుకుంటూ పోతారు. దాన్ని డ్రాప్ ట్యూనింగ్ అంటారు. మిగతావాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగుతారు. మేము ఆగలేదు. మామూలు తీగ తీసేసి ఇంకా లావు తీగ వేసి, 'డ్రాప్ ఎ' అనే శ్రుతి దాకా దించాం. ఆ మోత చెవికన్నా ముందు పొట్టకి తెలుస్తుంది. ఆ గది ఓనరు ఆంటీ మెట్లెక్కి వచ్చి, "పాటలు పాడుకో బాబూ, నేనేం వద్దనను. కానీ అది పాట కాదు గదా" అన్నారు. ఆవిడ షోకేసులో గాజు సామాను చాలా ఉంది.

అందుకని షాపుకి సెలవు పెట్టి, ఒక పాట పూర్తి చేద్దామని పొదిలి దగ్గర మా సుబ్బారావు బాబాయి పొలానికి వెళ్ళాను. అక్కడైతే వినడానికి మిరప మొక్కలు తప్ప ఎవరూ ఉండరు.

వెళ్ళాక తెలిసింది, నేను వెళ్ళిన సమయం మంచిది కాదని. తోట పూత మీద ఉంది. ఉన్న బోరు ఎండిపోయింది. అంతకు ముందు వేయించిన రెండు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఈసారి వేసేదే ఆఖరిది. నీళ్ళు పడకపోతే పొలం కౌలుకిచ్చేసి ఒంగోలులో ఏదైనా అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా చేరతానని బాబాయి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, పిన్ని నవ్వలేదు. అన్నం వడ్డిస్తూ గరిట అక్కడే వదిలేసి బయటికి వెళ్ళింది.

మర్నాడు ఉదయం మస్తాన్‌వలి గారు పాయింటు పెట్టడానికి, అంటే నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించడానికి వచ్చారు. ఆ చుట్టుపక్కల బోరు వేయాలంటే ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తారు. నీళ్ళున్న చోట కాయ దానంతటదే నిలువుగా లేస్తుందని నమ్మకం. తూర్పు మూల కాయ లేచింది. అక్కడ రాయి పెట్టారు. నేను షెడ్డులో మంచం మీద పడుకుని, చెయ్యి వంచితే కాయ లేవదా మరి అని నాలో నేను నవ్వుకున్నాను.

మధ్యాహ్నం మజ్జిగ తాగి, గిటార్ మెడలో వేసుకుని, నడుముకి బ్యాటరీతో పలికే చిన్న స్పీకరు లాంటి యాంప్ తగిలించుకుని, పడమటి గట్టు మీదున్న తుమ్మచెట్టు నీడకి బయలుదేరాను. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో చెప్పులు. గట్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా లావు తీగ మోగింది.

సీసా తగిలిందేమో అనుకున్నాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను. సరిగ్గా అక్కడే మళ్ళీ మోగింది. యాంప్ ఆపేశాను. చప్పుడు తగ్గింది గానీ తీగ వణకడం కళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఎక్కడో మోటారు తిరుగుతుంటే వదులు తీగ అదరడం మామూలే. కానీ అది పొలాలకి కరెంటు ఇచ్చే వేళ కాదు, ఒక్క మోటారూ తిరగడం లేదు. గాలా అంటే ఆకు కదలడం లేదు. తీగని బిగించి మామూలు శ్రుతిలో పెట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కిందికి దించాను. మోగింది.

నేను అలా ముందుకీ వెనక్కీ తిరగడం షెడ్డు దగ్గర్నుంచి బాబాయి చూశాడు. "ఒరేయ్ చిన్నోడా, పామేమన్నా ఉందా అక్కడ?" అని కేకేశాడు. పాముంది అని చెప్పినా సరిపోయేది. నేను నిజం చెప్పాను.

అంతే. అరగంటలో మస్తాన్‌వలి గారు మళ్ళీ వచ్చారు, ఆయన వెనక పక్క పొలాల వాళ్ళంతా వచ్చారు. పాయింటు పెట్టేవాణ్ణి పరీక్షించే పద్ధతి ఒకటుంది. కళ్ళకి గంతలు కట్టి, గిరగిరా తిప్పి వదులుతారు. పిన్ని తువ్వాలుతో నాకూ కట్టారు. నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ, మెడలో గిటార్, కళ్ళకి పూల తువ్వాలు. ఎవరో వీడియో కూడా తీశారు. మా బ్యాండ్ పాటలన్నీ కలిపి చూసినవాళ్ళకంటే దాన్నే ఎక్కువమంది చూశారు.

ఎటు నుంచి వదిలినా తీగ ఆ ఒక్కచోటే మోగింది.

మస్తాన్‌వలి గారు తన కాయ తెచ్చి అక్కడ నిలబడ్డారు. కాయ లేవలేదు. ఆయన కాయ దించి, "నా కాయ ఇక్కడ లేవట్లేదన్నా. కానీ ఆ తీగ నా కళ్ళముందే వణికింది. తూర్పా, పడమరా అనేది నువ్వే తేల్చుకో" అన్నారు.

"ఇక్కడే వేద్దాం" అన్నాడు బాబాయి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను కొబ్బరికాయ తరఫున వాదించాను. కాయ తప్పదు బాబాయ్, మస్తాన్‌వలి గారిది అనుభవం, నాది వదులు తీగ, దాన్ని నమ్మకు అని చేతులు పట్టుకుని బతిమాలాను. మస్తాన్‌వలి గారు నన్ను జాలిగా చూసి, "ఊరుకో అబ్బాయ్, కాయ కూడా ఒక్కోసారి తప్పుద్ది" అన్నారు. ఆయన నా తీగని సమర్థిస్తున్నారు, నేను ఆయన కాయని సమర్థిస్తున్నాను. మధ్యలో బాబాయి బోరు బండివాడికి ఫోన్ చేసేశాడు.

తెల్లవారాక బండి వచ్చింది. పసుపు, కుంకుమ, అగరొత్తులు. మస్తాన్‌వలి గారి కాయే కొట్టారు. బాబాయి నా గిటార్‌కి కూడా బొట్టు పెట్టాడు. తీగల కింద మోత పట్టే పికప్‌లుంటాయి, వాటి మీద పెట్టకు బాబాయ్ అంటే వినలేదు.

బండి మొదలైంది. తెల్లటి దుమ్ము లేచింది. ఒక్కో రాడ్డూ దిగుతోంది, దుమ్మే వస్తోంది. ముందు అందరూ బోరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ తర్వాత మర్యాదకి నా వైపు చూడటం మానేశారు. పిన్ని షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బండివాడు "ఇంకా దించమంటారా?" అని అడిగితే బాబాయి తలూపాడు. నాకు ఏడుపొచ్చింది. గిటార్ అక్కడే విరగ్గొట్టేద్దామనిపించింది. ఒంగోలులో ఏదో గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న బాబాయి నా కళ్ళముందు కనిపించాడు.

అప్పుడు దుమ్ము రంగు మారింది. ముందు బురద చిమ్మింది, వెంటనే నీళ్ళు. బండి మీద పిల్లాడి నుంచి నా దాకా అందరం తడిసిపోయాం. బాబాయి చొక్కాతోనే ఆ బురద నీళ్ళ కింద నిలబడిపోయాడు. పిన్ని తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చి, ఆయన్ని పట్టుకోబోయి నన్ను పట్టుకుని ఏడ్చింది.

తర్వాత చుట్టుపక్కల నాలుగైదు పొలాల వాళ్ళు నన్నూ గిటార్‌నీ తమ పొలాలకి తీసుకెళ్ళారు. అదే తీగ, అదే శ్రుతి. ఎక్కడా మోగలేదు. బాగా నీళ్ళున్న బోర్ల పక్కన నిలబడినా మోగలేదు. కుర్రాడికి అప్పుడే పొగరొచ్చింది, కావాలనే మోగించడం లేదు అన్నారు. కింద నీళ్ళ కదలిక వల్ల అయ్యుంటుందని మా బ్యాండ్ డ్రమ్మర్ ఫోన్లో అన్నాడు. మరి నీళ్ళున్న మిగతా చోట్ల ఎందుకు మోగలేదు?

గుంటూరు బస్సు ఎక్కే ముందు ఒక్కణ్ణే ఆ బోరు దగ్గరికి వెళ్ళాను. గిటార్ మెడలో వేసుకుని, తీగ ఆఖరి దాకా దించి, నిలబడ్డాను. కింద నీళ్ళున్నాయని ఇప్పుడు ఊరందరికీ తెలుసు. తీగ మాత్రం కదల్లేదు. అటూ ఇటూ జరిగాను. లాభం లేకపోయింది. కారణం ఎలాగైనా కనుక్కోవాలన్న పట్టుదలతో అలా ఎంతసేపు తిరిగానో తెలియదు.

బాబాయి పార భుజాన వేసుకుని మడవ మార్చి నీళ్ళు ఇటు మళ్ళించడానికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"ఇంకేం మోగుద్దిరా? చెప్పాల్సింది చెప్పేసిందిగా. పక్కకి జరుగు, నీళ్ళు వస్తున్నాయి."

నేను జరిగాను. ఇది జరిగాక ఎన్నోసార్లు ఆలోచించాను, ఇంటర్నెట్‌లో వెతికాను, చదువుకున్నవాళ్ళని అడిగాను. నా కాళ్ళ పక్కనుంచి సాలు వెంబడి పారుతూ వెళ్ళిన ఆ నీళ్ళని నేను కళ్ళారా చూశాను. తీగ వాటిని ఎలా కనిపెట్టిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.