వసెమాద కుండీలో నిమ్మ మొక్క

వసెమాద దేనికీ జడిసే మనిషి కాదు. మా దీవుల్లోని సువా ఊరి బజారులో పీతలమ్మినంత కాలం, కాళ్ళు కట్టని పీతనైనా ఒంటి చేత్తో పట్టేది. అలాంటిది మనవడు పుట్టాక ఒక నిమ్మ మొక్కను చూసి వణకడం మొదలుపెట్టింది.

మాలో బిడ్డ బొడ్డు ఊడితే నేలలో పాతి, పైన మొక్క నాటుతాం. మొక్క నిలిస్తే బిడ్డ నిలుస్తాడంటారు. అద్దె వాటాల్లో మాకు నేలెక్కడిది? మనవడు ఇలైతియా బొడ్డును వసెమాద బాల్కనీలో ప్లాస్టిక్ కుండీలోనే పాతి, నిమ్మ నాటింది. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆకులు పసుపెక్కి రాలసాగాయి. అప్పుడే పిల్లాడికి దగ్గు పట్టుకుంది.

ఆమె బాల్కనీకీ మా బాల్కనీకీ మధ్య ఒక ఇనప కమ్మీ. అటు తొంగిచూడనిదే నాకు టీ దిగదు.

"మళ్ళీ నీళ్ళేనటే?"

"మరేం పొయ్యమంటావక్కా, పీతల పులుసా?" అంది. గొంతులో నవ్వు లేదు. "పొద్దున్నే ఇంకో ఆకు రాలింది. వాడు తెగ దగ్గుతున్నాడు."

వెళ్ళి చూశాను. పైమట్టి తడిగానే ఉంది. పుల్ల గుచ్చి తీస్తే మురుగు వాసన. కుండీ ఎత్తబోతే లేవలేదు. కొంచెం వంచి అడుగు తడిమాను. నీళ్ళు పోయే కంతల్లో చెప్పు రబ్బరు ముక్కలు బిగించి ఉన్నాయి.

"ఇదెవరి పనే?"

"నాదే. వాడి బొడ్డు నీళ్ళతో కొట్టుకుపోయి కాలవలో పడితే?"

తిట్టబోయిన దాన్ని ఆగిపోయాను. ఆ భయం నాకూ ఉన్నదే. కంతలు మూసుంటే వేళ్ళు కుళ్ళి మొక్క చస్తుంది. తెరిచాక పిల్లాడికేమైనా అయితే?

"నువ్వే తీసెయ్యక్కా."

"నా వల్ల కాదమ్మా. పాతిన చెయ్యే తియ్యాలి."

పీతల కత్తితో ఒక రబ్బరు ముక్క పెరికింది. నల్లటి నీళ్ళు బుస్సున చిమ్మాయి. వసెమాద కెవ్వుమని దోసిలి పట్టింది. అదే క్షణాన లోపల దగ్గు ఠక్కున ఆగిపోయింది.

ఇద్దరం తలుపు వైపు తిరగలేకపోయాం.

"లొసేనా!" అని కోడల్ని పిలిచింది. మళ్ళీ అరిచింది. "ఒసే లొసేనా, వాడేం చేస్తున్నాడే?"

"పాలు తాగుతున్నాడత్తయ్యా! మీ అరుపులకి దడుచుకునేలా ఉన్నాడు!"

వసెమాద గోడకి చేరగిలబడిపోయింది. మిగతా పని నేనందుకున్నాను. మొక్కను పెళ్ళగించి మెత్తబడ్డ నల్లవేళ్ళు కోసేశాను, గట్టిగా ఉన్న తెల్లవి ఉంచాను. బొడ్డున్న అడుగు మట్టిని మాత్రం ఆమె నన్ను తాకనివ్వలేదు. కళ్ళు మూసుకుని తనే తీసి ఒళ్ళో పెట్టుకుంది. కంతల మీద పలచటి వలగుడ్డ పరిచి, ఆ మట్టి తిరిగి వేయించి, ఇసుకా కొబ్బరిపీచూ కలిపి మొక్క నాటాం. పైమట్టి ఆరేదాకా చెంబు ముట్టనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

పిల్లాడి దగ్గు తగ్గింది. చాన్నాళ్ళకు కొమ్మ చివర ఆవగింజంత చిగురు కనిపించింది.

"ఇంకా ఏం భయమే?"

"రాలినవీ ఒకప్పుడు చిగుళ్ళేగా అక్కా" అంది.

ఇప్పటికీ నీళ్ళు పోసినప్పుడల్లా కుండీ కింద అరచెయ్యి పట్టి, పడిన ప్రతి చుక్కనూ వేలితో తడిమి చూస్తుంది.