చెమట ఆరుతోందా

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మే మొదట్లో, నన్ను రాజస్థాన్ ఎడారిలోని ఒక వాతావరణ పరిశీలన కేంద్రానికి బదిలీ చేశారు. హోదా సైంటిఫిక్ అసిస్టెంట్. తెల్ల చెక్కపెట్టెలోని రెండు థర్మామీటర్లను నిర్ణీత వేళలకు చూసి రిజిస్టరులో రాయడం నా పని. ఒకటి పొడిది, అందరూ చెప్పుకునే ఎండ అదే. రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డలోని నీరు త్వరగా ఆవిరై బల్బు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే నీరు ఆరదు, తడి అంకె దిగదు. మనిషి ఒంటిమీద చెమట చేసే పనీ ఇదే.

అక్కడ చొక్కా తడిసేది కాదు. చెమట పట్టగానే ఆరిపోయి ఉప్పుచారలు మిగిలేవి. దాహం లేకపోయినా గడియారం చూసి నీళ్లు తాగేవాళ్లం.

మధ్యాహ్నం రెండున్నర రీడింగు పంపాక వత్సవాయి నుంచి మా అక్క భర్త వెంకయ్య బావ ఫోన్ చేసేవాడు.

“ఏం బావమరిదీ, ఉడికావా, వేగావా?”

“వేగా బావా. నలభై ఆరు.”

జూన్ మొదటి వారంలో ఒకరోజు చేలోంచే మాట్లాడాడు. “ఇక్కడ మబ్బేసింది. ఎండ లేదుగా అని పత్తికట్టె పీకుతున్నా. గాలే ఆడట్లేదు. చొక్కా పిండితే చెంబుడు నీళ్లొస్తాయి.”

“ఎంతుందంట?”

“టీవీలో నలభై అన్నారు.”

“మాకది చలికాలం. చెమట పడితే మంచిదేలే బావా.”

మావైపు జ్వరమొచ్చినవాడికి చెమట పడితే గండం గడిచిందంటారు. ఆ అలవాటే నాచేత అలా అనిపించింది. కారిపోయే చెమట ఒంటిని చల్లబరచదు, ఆరే చెమటే చల్లబరుస్తుంది. నేను రోజూ కొలిచేది అదే.

ఆ సాయంత్రం ఐదున్నర రీడింగు రాస్తుండగా అక్క ఫోన్ చేసింది. బావ చేలో పడిపోయాడు. నందిగామ ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. “మబ్బుగానే ఉందిరా. అసలు ఎండే లేదురా,” అని మళ్లీ మళ్లీ అదే చెప్పింది.

రీడింగు పంపి, సెలవుకు అర్జీ రాశాను. తర్వాత వత్సవాయికి దగ్గరి కేంద్రం రికార్డు తెప్పించి చూశాను. ఆ మధ్యాహ్నం అక్కడ పొడి నలభై, తడి ముప్పై. అదే వేళకు నా పెట్టెలో పొడి నలభై ఆరు, తడి ఇరవై రెండు.

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉంటున్నాను. వరండాలో రెండు థర్మామీటర్లూ ఉన్నాయి. పక్కింటి రైతు పొలానికి వెళ్తూ, “ఇవాళ ఎంతుందండీ?” అంటాడు. ముందు తడి అంకె చెబుతాను. థర్మామీటరు లేనివాళ్లను అడగాల్సింది ఒకటే, చెమట ఆరుతోందా అని. బావ నేను అడక్కముందే దానికి జవాబు చెప్పాడు.