అత్తయ్య చెప్పిన లెక్క

మా ఆడపడుచు తెబోరా డ్రోన్ ఎగరేసి దీవి మ్యాప్ గీసే ఉద్యోగి. అన్నం తినే ధ్యాస లేకుండా ఆ పనిలో పడిపోయే మనిషి. ఆమె గురించి గొప్పలు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

సముద్రానికి అడ్డంగా కట్టే గోడ ఎటు వెళ్ళాలో ఆ మ్యాప్ చూసే నిర్ణయిస్తారు. రాజధానిలో గీసిన మొదటి గీత మా బ్వాబ్వాయి గుంటల్ని బయటే వదిలేసింది. తరతరాలుగా తవ్వి, చేమలాంటి ఆ దుంపలు పెంచుకునే గుంటలవి. పైనుంచి తీసిన ఫోటోలో వాళ్ళకవి పనికిరాని చిత్తడిలా కనిపించాయట! ఉప్పునీరు తగిలితే ఆ మొక్కలు బతకవు.

"ఏ గుంట ఎవరిది, ఎన్ని మొక్కలున్నాయి, ఎన్ని చచ్చాయి, అన్నీ రాసిస్తే గీత మారుస్తారు. శుక్రవారం పడవకి పంపాలి," అంది తెబోరా మనెయబాలో, ఊరంతా కూడే సభా మందిరంలో.

కానీ మా దీవిలో బ్వాబ్వాయి లెక్క పరాయివాళ్ళకి చెప్పరు, అది ఇంటి పరువు. పదేళ్ళుగా కోడలినైన నాకే మా అత్తయ్య చెప్పలేదు. ఆమెకి రెండొందల మొక్కలున్నాయని ఊళ్ళో పేరు.

"ముందు మీ అమ్మనడుగు పిల్లా," అని ఎత్తిపొడిచాడు ముసలి ఇయోతెబా.

తల్లిని నలుగురిలో అడగలేక తెబోరా కాగితాలు సర్దుకోబోయింది.

అత్తయ్య తన చోట్లోంచే అంది, "రాసుకోవే. పందొమ్మిది."

"ఎంతా?"

"చెవుడా? పందొమ్మిది! మిగతావన్నీ పోయినేడు ఉప్పునీటికి కుళ్ళిపోయాయి. సిగ్గేసి చెప్పలేదు."

తెబోరా రాసుకుంది. ఇయోతెబా ముందుకు జరిగి, "మావి ఏడు," అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు, మొక్కల్ని పోగొట్టుకోని ఇల్లు ఒక్కటీ లేదు.

రెండు నెలలకి కొత్త మ్యాప్ వచ్చింది. గోడ గీత పక్కకి జరిగి మా గుంటలన్నిటినీ లోపలికి తీసుకుంది. నాకు ఏడుపాగలేదు.

ఆ రోజే అత్తయ్య గుంటలోకి దిగి అన్నిటికన్నా పెద్ద దుంప తవ్వింది. దాన్ని ఉడికించి మనెయబాకి మోసుకెళ్ళి, పెద్దలకి పెట్టే మొదటి వాటాని కూతురి ముందు పెట్టింది.

"తిను. ఇంకా పద్దెనిమిదున్నాయి," అంది, ఊరంతా వినేలా.